నాలుగో కొలత

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఇవాళ ఒక భౌతిక శాస్త్రవేత్త గురించి చెప్పబోతున్నానంటే మీలో కొందరు రేడియో కట్టేసి వంటింట్లోకి వెళ్లిపోతారేమో! వెళ్లకండి. ఈ కథలో ముగ్గు ఉంది, ఉప్పు ఉంది, పటిక ఉంది, జాకెట్లు కుట్టే టైలరున్నాడు, అంట్లు తోముకునే తొట్టి కూడా ఉంది. వాటన్నిటి మధ్యా మన తెలుగువారైన సూరి భగవంతం గారున్నారు. నేను పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. మా వీధిలో ఫిజిక్సు లెక్చరరుగా చేసి రిటైరైన అమ్మగారు ఒకరున్నారు. ఆమె దగ్గర నాలుగు సాయంత్రాలు కూర్చుని, నాకు బోధపడినంత మేరకే, మన మాటల్లో చెబుతాను.

ఆమె దగ్గరికి వెళ్లి కూర్చోవలసిన అవసరం ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి.

మా చెల్లెలిది ఆళ్లగడ్డ. మా మరిది అక్కడ శిల్పం పని చేస్తాడు. వాళ్లమ్మాయి చదువు కోసం నంద్యాలలో మా ఇంట్లోనే ఉంటుంది. తొమ్మిదో తరగతి. ఒకనాటి సాయంత్రం లెక్కల గైడు పట్టుకొచ్చి, "పెద్దమ్మా, ఇందులో తప్పుంది" అన్నది. సమాంతర చతుర్భుజానికి సౌష్ఠవ రేఖలెన్ని అని ప్రశ్న. గైడులో జవాబు రెండు అని ఉంది. ఈ పిల్ల 'ఒక్కటీ లేదు' అని రాసింది. ట్యూషన్లో గైడు చూసి ఇంటూ కొట్టారు.

సౌష్ఠవ రేఖ అంటే మరేమీ లేదు, మడత గీత. కాగితాన్ని ఆ గీత వెంబడి మడిస్తే ఈ సగం ఆ సగం మీద సరిగ్గా కూర్చోవాలి. దీర్ఘచతురస్రానికి అలాంటి గీతలు రెండున్నాయి. దాన్నే ఒక పక్కకు నెట్టి వాల్చినట్టుండేది సమాంతర చతుర్భుజం. పిల్ల కాగితం కత్తిరించి తెచ్చింది. నిలువుగా మడిచింది, అడ్డంగా మడిచింది, మూలకు మూల మడిచింది. "చూడు పెద్దమ్మా, యాడ మడిచినా కలిసేది లేదు" అన్నది.

నేనేం చేశాను? కాగితం వైపు చూడనైనా చూడలేదు. పొయ్యి మీద పులుసు పొంగుతోంది. "పుస్తకం రాసినోళ్లకు తెలీదా? నీకే తెలుసా? అందులో ఉన్నట్టు రాయి, మార్కు పడుతుంది" అని కసిరాను.

తరువాతి పరీక్షలో ఆ పిల్ల 'రెండు' అని రాసింది. మార్కు పడింది. ఆ కాగితం తెచ్చి నాకు చూపించి, ఏమీ అనకుండా లోపలికెళ్లిపోయింది. అమ్మా, తప్పని తెలిసి తెలిసి తప్పు రాయడం ఆ బిడ్డ చేత నేను నేర్పించానన్న మాట! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు లెక్చరరు అమ్మగారి దగ్గరికెళ్లి కాగితం మడిచి చూపించాను. ఆమె నవ్వి, "పిల్లే రైటు. అంతకంటే పెద్ద పుస్తకంలోనే ఇలాంటి తప్పు యాభై ఏళ్లుండిపోయింది. దాన్ని పట్టుకున్నది మన తెలుగాయనే" అన్నారు. అలా నాకు భగవంతం గారి కథ తెలిసింది.

సూరి భగవంతం గారు 1909 అక్టోబరు 14న కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాదు నిజాం కాలేజీలో చదువుకున్నారు. 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ గారి దగ్గర చేరారు. ఆ 1928 ఎలాంటి సంవత్సరమో మీకు తెలుసు. ఆ ఫిబ్రవరి 28నే రామన్ ఎఫెక్టు బయటపడింది. మన పిల్లల బడుల్లో ఏటా విజ్ఞాన దినోత్సవం జరిపేది ఆ తేదీకే. నూనె కాగుతున్న బాణలి లాంటి వేడి మీదున్న ఆ ప్రయోగశాలలోకి ఈ కుర్రవాడు అడుగు పెట్టాడు. కాంతి కణానికి తనదైన ఒక భ్రమణ గుణం ఉన్నదని ప్రయోగంతో చూపిస్తూ 1931లో రామన్ గారితో కలిసి ఆయన రాసిన వ్యాసం పేరు పొందింది.

1932లో వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో భౌతిక శాస్త్రం చెప్పడానికి చేరారు. విశ్వవిద్యాలయం పెట్టి అప్పటికి ఆరేళ్లే. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వైస్ ఛాన్సలరు. భగవంతం గారు ప్రయోగాలు బాగా తెలిసినవారే. అయితే లోకం ఆయనను ముఖ్యంగా గుర్తు పెట్టుకున్నది కాగితం, కలం పట్టుకుని చేసిన పనికి. పరికరాన్ని ముట్టుకోక ముందే, ఒక వస్తువు ఎలా ప్రవర్తించి తీరాలో ఆలోచనతో చెప్పడం. దీన్నే సిద్ధాంత భౌతిక శాస్త్రమంటారు.

ముట్టుకోకుండా ఎలా చెబుతారంటారా? మనమూ చెబుతాం.

టైలరు జాకెట్టుకు కొలతలు తీసుకుంటాడు గదా. భుజం, ఛాతీ, నడుము, చెయ్యి పొడుగు, చెయ్యి చుట్టు. కుడి చేతికి తీసుకున్నాక ఎడమ చేతికి మళ్లీ టేపు పెడతాడా? పెట్టడు. రెండూ ఒకటేనని తెలుసు. శరీరంలో ఉన్న ఎడమ కుడి పోలిక అతనికి సగం కొలతలు మిగిల్చింది. ఎనిమిది రేకుల తామర ముగ్గు వేసేటప్పుడు మనం ఒక్క రేకు గురించే ఆలోచిస్తాం. మిగిలిన ఏడూ దాన్ని తిప్పితే వచ్చేవే. ఈ పోలికనే శాస్త్రంలో సౌష్ఠవం అంటారు. ఒక వస్తువును ఎన్ని రకాలుగా తిప్పితే, ఎన్ని రకాలుగా అద్దంలో చూస్తే మళ్లీ మొదటిలాగే కనబడుతుందో లెక్క కట్టే గణితాన్ని సమూహ సిద్ధాంతం, ఇంగ్లీషులో గ్రూప్ థియరీ అంటారు.

మా మరిది ఏ విగ్రహం మొదలుపెట్టినా ముందు రాతి మీద నిట్టనిలువుగా ఒక నడిమి గీత గీస్తాడు. దాన్ని బ్రహ్మసూత్రమంటారు. ఆ గీతకు ఈ పక్కన ఎంత ఉంటే ఆ పక్కన అంత. ఉలి పడక ముందే విగ్రహంలో సగం ఆ గీతలోనే తేలిపోయిందన్న మాట. ఆళ్లగడ్డ శిల్పులు రాతిలో చూసే దానిని భగవంతం గారు కంటికి కనబడని అణువుల అమరికలో చూశారు.

ఉప్పు, పటిక, వజ్రం, వీటన్నిటినీ స్ఫటికాలంటారు. వాటి లోపల అణువులు చుక్కల ముగ్గులో చుక్కల్లాగా వరుస తప్పకుండా కూర్చుని ఉంటాయి. ఆ వరుసల సౌష్ఠవాన్ని బట్టి శాస్త్రజ్ఞులు స్ఫటికాలను 32 తరగతులుగా విడదీశారు. స్ఫటికం మీద కాంతి పడి చెదిరినప్పుడు కొత్త రంగు గీతలు పుడతాయని రామన్ గారు చూపించారు గదా, ఆ గీతలు ఎన్ని రావాలో సమూహ సిద్ధాంతంతో ముందే లెక్క కట్టే పద్ధతిని భగవంతం గారు, గణితం తెలిసిన టి. వెంకటరాయుడు గారితో కలిసి 1939లో చూపించారు. బంతికి ఎంతమంది కూర్చుంటారో ముందే తెలిస్తే వంట చేసేవాళ్లకు ఎంత సులువో, ప్రయోగం చేసేవారికి అది అంత సులువు. వాళ్లిద్దరూ కలిసి రాసిన గ్రూప్ థియరీ పుస్తకాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే అచ్చు వేసింది. తరువాత విదేశీ ప్రచురణకర్తలు కూడా వేశారు.

ఇక ఆ తప్పు సంగతికి వస్తాను.

గాజునో స్ఫటికాన్నో గట్టిగా వత్తితే, దానిలో గుండా పోయే కాంతి నడకలో మార్పు వస్తుంది. ఎటు వత్తితే ఎటు ఎంత మార్పు వస్తుందో చెప్పడానికి కొన్ని కొలతలు కావాలి. ఏ తరగతి స్ఫటికానికి ఎన్ని కొలతలు కావాలో జర్మనీలో ఫ్రీడ్రిక్ పాకెల్స్ అనే గొప్ప శాస్త్రజ్ఞుడు 1890 ప్రాంతంలో పట్టిక తయారు చేశాడు. ఘనాకారపు సౌష్ఠవం గల స్ఫటికాల్లో 5 తరగతులున్నాయి. ఆ అయిదింటికీ 3 కొలతలు చాలునన్నాడాయన. అందరూ ఆ పట్టికనే వాడుకున్నారు.

1942లో భగవంతం గారు సమూహ సిద్ధాంతంతో ఆ లెక్క మొదటి నుంచీ వేశారు. యుద్ధ కాలమది. ఆ ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాను బాంబులు పడ్డాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. అటువంటి ఏడాది వెలువడిన వ్యాసంలో ఆయన చెప్పినది ఇది: ఆ అయిదు తరగతుల్లో మూడింటికి 3 కొలతలే చాలు. మిగిలిన రెండింటికి మాత్రం 4 కావాలి.

ఇందులో కిటుకు ఏమిటంటారా? మా ఇంట్లో చదరపు రేకు డబ్బా ఒకటుంది. కొత్తగా ఉన్నప్పుడు మూత ఎటు తిప్పి పెట్టినా పడేది. అది ఒకసారి కిందపడి చొట్టపోయినప్పటి నుంచి మూత రెండు రకాలుగానే పడుతుంది. సగం చుట్టు తిప్పితే పడుతుంది, పావు చుట్టు తిప్పితే పడదు. దూరం నుంచి చూస్తే మాత్రం చదరపు డబ్బాయే. ఉప్పు స్ఫటికం కొత్త డబ్బా లాంటిది. పావు చుట్టు తిప్పినా లోపలి అమరిక మళ్లీ అదే. నెత్తిన వత్తితే, పావు చుట్టులో ఒకదాని చోటికి ఇంకొకటి వచ్చే ఆ రెండు పక్కలూ ఒకే విధంగా మారి తీరాలి. కనుక ఆ రెంటికీ ఒకే కొలత చాలు. పటిక అలాంటిది కాదు. దానిని సగం చుట్టు తిప్పితేనే అమరిక కలుస్తుంది. సగం చుట్టులో ఒక పక్క రెండో పక్క చోటికి రాదు. కనుక ఆ రెండు పక్కలూ ఒకటే అనడానికి మనకు హక్కు లేదు. వేరు వేరుగా కొలవాలి. అదే నాలుగో కొలత. తరువాత ప్రయోగశాలల్లో అటువంటి స్ఫటికాలను వత్తి, కాంతి పంపి, కొలిచి చూస్తే ఆ రెండు పక్కలూ వేరుగానే తేలాయి.

వంటింట్లో ఉప్పు డబ్బా, స్నానాల గదిలో పటిక ముక్క. ఒకదానికి మూడు, ఇంకొకదానికి నాలుగు. యాభై ఏళ్లు ఎవరి కంటా పడని తేడా!

గమనించారా, మా పిల్ల పట్టుకున్న తప్పూ ఈ జాతిదే. సమాంతర చతుర్భుజం దీర్ఘచతురస్రం లాగే కనబడుతుంది. ఎదురెదురు భుజాలు సమానం, ఎదురెదురు కోణాలు సమానం. సగం చుట్టు తిప్పితే కలుస్తుంది కూడా. కాని మడిస్తే కలవదు. చూడ్డానికి ఉన్నట్టుండి నిజానికి లేని పోలికను ఉన్నదని రాసేశారు, అంతే. పాకెల్స్ తెలివితక్కువవాడు కాడు, గైడు రాసినవారూ మూర్ఖులు కారు. ఎవరో ఒకరు మళ్లీ మడిచి చూడాలి. దీనివల్ల లోకానికి ఏమి ఒరిగిందని అడుగుతారేమో. స్ఫటికాన్ని ధ్వని తరంగాలతో వత్తి లేజరు కాంతిని పక్కకు మళ్లించే సాధనాలు ఇప్పుడున్నాయి. వాటి లెక్క ఈ కొలతల మీదే నడుస్తుంది.

ఈ పాకెల్స్ ఇంటి సంగతి ఒకటి మనం వినాలి. ఆయనకు ఆగ్నెస్ అని మూడేళ్లు పెద్దదైన అక్క ఉంది. 1862లో పుట్టింది. తమ్ముడు విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. ఆ రోజుల్లో అక్కడ ఆడపిల్లలను చేర్చుకునేవారు కారు. ఆమె ఇంట్లో ఉండి, జబ్బు మనుషులైన తల్లిదండ్రులను చూసుకుంటూ, వండుతూ, అంట్లు కడుగుతూ గడిపింది. తమ్ముడు పంపే పుస్తకాలు చదువుకునేది. అంట్ల తొట్టిలో జిడ్డు నీళ్ల మీద ఏర్పడే పొర ఆమె కంటబడింది. ఇరవయ్యేళ్ల ప్రాయానికే ఒక రేకు తొట్టి చేయించి, చిన్న గుండీ లాంటి బిళ్లను తక్కెడకు వేలాడదీసి, నీటి పైపొర ఆ బిళ్లను ఎంత బలంగా పట్టి లాగుతుందో కొలిచింది. జిడ్డు ఎంత ఉంటే ఆ పట్టు ఎంత తగ్గుతుందో రాసుకుంది. పదేళ్లు అవి ఎవరికీ పట్టలేదు. చివరకు 1891 జనవరిలో ధైర్యం చేసి ఇంగ్లండులో లార్డ్ రేలీ గారికి ఉత్తరం రాసింది. ఆయన ఆ ఉత్తరాన్ని తర్జుమా చేయించి 'నేచర్' పత్రికకు పంపారు. ఆ మార్చిలోనే అచ్చయింది. ఆమె తొట్టి పద్ధతిని మెరుగు పరచిన లాంగ్‌మ్యూర్ అనే అమెరికను శాస్త్రజ్ఞుడికి 1932లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే ఏడు, డెబ్బయ్యేళ్ల వయసులో, బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఆగ్నెస్‌కు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. మన భగవంతం గారు వాల్తేరులో ఉద్యోగంలో చేరిన సంవత్సరం కూడా అదే!

ఆ రెండు కథలూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు అనిపించింది ఇది. ఆగ్నెస్‌కు ఇంట్లో ఎవరో ఒకరు పుస్తకాలు పంపేవారున్నారు. చూసినది పట్టించుకుని అచ్చు వేయించిన పెద్దమనిషి ఉన్నాడు. ఆ ఇద్దరూ లేకపోతే ఆమె కొలతలు ఆ తొట్టి నీళ్లతోనే పోయేవి. మా ఇంట్లో పిల్ల కాగితం మడిచి తెచ్చిన రోజున నేను ఆ ఇద్దరిలో ఒక్కరినీ కాలేకపోయాను.

భగవంతం గారి తక్కిన జీవితం చాలా పెద్దది. క్లుప్తంగా చెబుతాను. 1948లో లండనులోని మన హైకమిషనులో శాస్త్ర విషయాల అధికారిగా వెళ్లారు. తిరిగి వచ్చి హైదరాబాదు ఉస్మానియాలో ఆచార్యులై, 1952 నుంచి 1957 వరకు అక్కడే వైస్ ఛాన్సలరుగా ఉన్నారు. 1957 నుంచి 1962 వరకు బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సుకు డైరెక్టరు. 1961 నుంచి 1969 దాకా రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. ఇన్ని కుర్చీల మధ్య కూడా స్ఫటికాల సౌష్ఠవం మీద మరో పుస్తకం రాశారు, 1966లో వచ్చింది. 1989 ఫిబ్రవరి 6న కన్నుమూశారు. ఆగిరిపల్లిలో పుట్టిన పిల్లవాడు జర్మనీ పట్టికను దిద్దగలిగాడంటే, దానికి ఖరీదైన యంత్రం అక్కరలేకపోయింది. కావలసినది 'నిజంగా కలుస్తుందా?' అని ఒకసారి అడగడం.

ఇక మా ఇంటి కథ ముగిస్తాను. నాకు అర్థమైన రోజు సాయంత్రం పిల్లను కూర్చోబెట్టి, "అమ్మా, ఆ రోజు నేను కాగితం చూడకుండానే మాట్లాడినాను. తప్పు నాది" అని చెప్పాను. పెద్దవాళ్లం పిల్లల ముందు ఈ మాట అనడం అంత సులువు కాదు, గొంతులో ఏదో అడ్డం పడుతుంది. అన్నాక మాత్రం తేలికైంది. పిల్లా నేనూ కలిసి ట్యూషన్ మాస్టారి దగ్గరికి వెళ్లాం. ఆయన తానే కాగితం మడిచి చూసుకుని, "నిజమేనమ్మా" అని తన గైడులో 'రెండు' కొట్టేసి 'లేవు' అని రాసుకున్నారు. కాని అంగళ్లలో అమ్మే గైడుల్లో ఇంకా రెండనే ఉండి ఉంటుంది.

మొన్న సెలవుల్లో పిల్లను తీసుకుని ఆళ్లగడ్డ వెళ్లాను. పదో తరగతి తరువాత ఏం చదివించాలన్న మాట వచ్చింది. ఈ పిల్లకు లెక్కల గ్రూపే కావాలట. మా చెల్లెలు, "ఆడపిల్లకు అన్ని లెక్కలెందుకక్కా? ఏదో సులువైన గ్రూపు తీసుకుంటే సరిపోదా" అన్నది. నేను గైడు సంగతంతా చెప్పాను. మా మరిది చేతి మీది రాతి పొడి దులుపుకుంటూ విన్నాడు. "వదినా, రాతి మీద గీత తప్పుంటే ఉలి పెట్టకముందే చెప్పాల. చిన్నపిల్ల చెప్పినా వినాల. ఉలి పడినంక ఏం లాభం, రాయి మళ్లీ అతుక్కోదు కదా" అన్నాడు. మా చెల్లెలు ఇంకా సరేననలేదు. "చూద్దాంలే, ఇంకా టైముంది" అన్నది. చూద్దాం. నేను మాత్రం ఈసారి పిల్ల పక్కనే ఉన్నాను.

సోదరీమణులారా, మన ఆడపిల్లలకు లెక్కలు రావని మనమే అంటుంటాం. తెల్లవారుజామున చుక్కలు పెట్టి, ఒక్క గీత తప్పకుండా నాలుగు దిక్కులా సమానంగా కలిపే చేతులకు సౌష్ఠవం ఎవరు నేర్పాలి? ఆ చేతులు వేస్తున్నది లెక్కేనని చెప్పేవారే కరువు. అందుకని ఒక్క మాట. రేపు మీ అమ్మాయో, మనవరాలో పుస్తకం తెచ్చి "ఇందులో తప్పుంది" అంటే, పొయ్యి మీద పులుసు ఉంటే మంట తగ్గించండి. పిల్లదే రైటు కావాలని లేదు, పుస్తకమే రైటు కావచ్చు. కాని ఆ కాగితాన్ని ఒకసారి మీ చేతుల్లోకి తీసుకుని మడిచి చూడండి. కలిసిందా, లేదా? ఆ తరువాతే మాట్లాడండి.